సి-ఫారం

రాత్రి పదకొండున్నర.
రైలు లేటు, వాన తోడు.
బరంపురం పాత బస్టాండు వెనక మా లాడ్జికి
ముందు ఒక తడిసిన పెట్టె వచ్చింది,
దాని వెనక ఆవిడ.

యాభై దాటుంటాయి.
నెరిసిన రెండు జడలు, చినుకు చినుకుగా కారుతూ.
బల్ల మీద పెట్టిన పాసుపోర్టుది వంకాయ రంగు అట్ట.
బెల్జియం.

పరాయి దేశస్తులొస్తే సి-ఫారం నింపాలి,
తెల్లారేసరికి పోలీసులకి చేరాలి.
కరెంటు లేదు, కంప్యూటరు నిద్రపోయింది.
కొవ్వొత్తి ముట్టించి కాగితమ్మీద గళ్ళు గీసుకున్నాను.
నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని
"మేడమ్, ఇండియా ఫస్ట్ టైమా?" అన్నాను.

ఆవిడ జడ పిండుకుంటూ
"ఏటి బావూ, ముందు ఓ తువ్వాలియ్యి" అంది.

నా చేతిలో కలం
రాయాల్సిన గడి మర్చిపోయింది.

శ్రీకాకుళంలో వాళ్ళమ్మ
చలికాలం మూడు నెల్లూ స్వెట్టర్లు అమ్మీదట
గోనెపట్టాల కొట్లో, రోడ్డు వార.
అమ్మకి భాష రాదు,
ఏడేళ్ళ పిల్ల బేరాలాడీది.
"నూటేబైకి రాదమ్మా,
ఉన్ని సెయ్యేసి సూడు, అప్పుడు మాటాడు!"
ఇప్పుడూ అలాగే అని చూపించింది,
నా చొక్కా అంచు రెండు వేళ్ళతో నలిపి.

పేరు: యాంగ్‌చెన్ డోల్కర్.
పుట్టిన ఊరు: చంద్రగిరి, టిబెట్టోళ్ళ క్యాంపు.
జాతీయత: బెల్జియం.
ఎక్కడి నుంచి: బ్రస్సెల్స్.
ఎక్కడికి: చంద్రగిరి.
రెండుసార్లు రాసాను ఆ ఊరు,
రెండోసారి ఎందుకో అక్షరాలు సరిగా కుదర్లేదు.

వచ్చిన పని?
"వీసాలో టూరిస్టని ఉంది, అదే రాయి.
మొక్కజొన్న పొత్తులు కాల్చుకు తినడానికొచ్చానంటే
మీ పోలీసులు ఒప్పుతారేటి?"

ఉండేది ఎన్నాళ్ళు?

ఇక్కడ కాసేపు ఊరుకుంది.
కొవ్వొత్తి చుట్టూ ఉసిళ్ళు.
"మా నాయిన ఒక్క చలికాలం ఉండి పోదారనే వచ్చేడంట.
మొదటేడు పెట్టి తాళమే తియ్యలేదంట.
ఆ పెట్లో ఇప్పుడు
మా పిన్ని బియ్యం పోసుకుంటంది."
తర్వాత
"ఇరవై ఒక్క రోజులు" అంది,
రాసుకోమన్నట్టు గడి మీద వేలు పెట్టి.

నేనే దేశమూ పోలేదు.
మా తాత సోంపేట నుంచి
అప్పడాల కార్ఖానాలో పనికని వచ్చాడు, పండక్కి పోదామని.
ఇక్కడ బళ్ళో నన్ను తెలుగోడా అనీవారు.
ఇచ్ఛాపురం దాటితే మా అత్తోరు
ఒడియా అల్లుడొచ్చాడు, పప్పులో బెల్లం వెయ్యండంటారు.
ఇదంతా ఆవిడకి చెబుదామనుకున్నాను.
గది తాళం ఇచ్చి
నీళ్ళు పొద్దున్న అయిదింటికొస్తాయని చెప్పాను.

రిజిస్టర్లో సంతకం పెట్టింది.
పైన ఒక గీత,
దానికి దండెం మీద బట్టల్లా వేలాడే అక్షరాలు.
నా గుండ్రటి రాత పక్కన
అవి ఇంకా ఆరలేదు.

పొద్దున్నే బస్సు.
కండక్టరు అరుస్తుంటే వాడితో ఒడియాలో
సామాను చార్జీ గురించి దెబ్బలాడింది.
గెలిచినట్టుంది, పెట్టె లోపలికే వెళ్ళింది.
అద్దంలోంచి నాకేసి చెయ్యి ఊపిందో
అద్దమే తుడుచుకుందో తెలీలేదు.

పదింటికి స్టేషన్నుంచి ఫోను.
"రాత్రి మీ దగ్గర దిగిన ఫారినర్ ఏదీ?"

"ఊరెళ్ళిందండి" అన్నాను.

"ఏ ఊరు?"

కాగితం తీసాను.
చూడకుండానే చెప్పొచ్చు.
అయినా చూసి చెప్పాను.